కళ్ళు లేని మంట

పొద్దున తొమ్మిది కొట్టేసరికి బొమ్మల సినిమాల కంపెనీలో అందరూ నిప్పులమ్మ బల్ల చుట్టూ చేరేవాళ్ళు. పనికి కాదు, చేతులు కాచుకోవడానికి. ఆ ఊళ్ళో ఏడాదికి ఏడు నెలలు చలి, మిగతా అయిదు నెలలు అదెప్పుడొస్తుందా అని గుబులు. కంపెనీ ఒక పాత గోడౌన్‌లో ఉండేది. పైన రేకులు, కింద సిమెంటు నేల, చుట్టూ సరిగ్గా మూతపడని పదకొండు కిటికీలు. అయినా హీటరు కొనమని ఏనాడూ ఎవరూ అడగలేదు. నిప్పులమ్మ ఉండగా హీటరు దండగ కదా.

ఆమె వచ్చి, కళ్ళజోడు స్వెట్టరు అంచుతో తుడుచుకుని, లైటు బల్ల వెలిగించి, నిన్న వేసిన కాగితాల కట్ట తీసి బొటనవేలితో టపటపా తిప్పేది. కాగితానికో మంట. ఒకటి కాస్త ఎడమకి వంగి, ఇంకొకటి కాస్త పైకి సాగి. కట్ట తిరుగుతుంటే మంట లేచి ఆడేది, సెగ వచ్చేది. బొమ్మలకి రంగులు వేసే పెద్దాయన తన అరిగిపోయిన మోకాళ్ళు ముందుకి చాపేవాడు. సౌండు చూసే అమ్మాయి తడిసిన సాక్సులు బల్ల అంచున ఆరేసేది. కంపెనీ పిల్లి అయితే ఆ బల్ల తన తాతల నాటి ఆస్తి అన్నట్టు పడుకునేది.

"ఇంకో రెండు తిప్పులు తిప్పు అక్కయ్యా, కుడి మోకాలికి ఇంకా అందలేదు," అనేవాడు రంగులాయన.

"నీ మోకాళ్ళకి కొలిమి కావాలి గానీ నా కాగితాలు చాలవు. పో, పని చూసుకో."

ముప్పై ఏళ్ళుగా ఆమె వేసింది మంటలే. నీళ్ళు వేసేవాళ్ళు వేరు, చెట్లు వేసేవాళ్ళు వేరు. సెకను సేపు మంట ఆడాలంటే పన్నెండు బొమ్మలు. అందులో ఏ ఒక్కటి అడ్డంగా పడినా మంట మంటలా ఉండదు, గాలికి కొట్టుకునే గుడ్డపేలికలా ఉంటుంది. నిప్పులమ్మ మంటలు ఎన్నడూ అలా పడలేదు. పైగా వాటి వెచ్చదనం సినిమాలోకి వెళ్ళినా పోయేది కాదు. ఆదివారం పొద్దున టీవీలో ఆ కంపెనీ తీసిన తాబేలు కుటుంబం సినిమా వస్తుంటే, తల్లులు తలస్నానం చేయించిన పిల్లల్ని తెచ్చి టీవీ ముందు కూర్చోబెట్టేవాళ్ళు, తాబేళ్ళ పొయ్యి సెగకి జుట్టు త్వరగా ఆరుతుందని.

ఆ మంటలు వెచ్చగా ఉండేవే గానీ కాల్చేవి కావు. ప్రతి మంటకీ రెండు గుండ్రటి కళ్ళు, చెవులదాకా నవ్వు. అది కంపెనీ పద్ధతి.

నిప్పులమ్మ కూతురే ఆ కంపెనీలో డైరెక్టరు. ఆ కూతురి కూతురికి ఏడేళ్ళు. దాన్ని అందరూ పిడుగు అనేవాళ్ళు. ఎందుకంటారో దాన్ని ఒక్క గంట ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. బడి అయ్యాక నేరుగా అమ్మమ్మ బల్ల కిందికి వచ్చి దూరేది. కట్ట తిప్పుతుంటే కింద నుంచి చెయ్యి పైకి పెట్టి, మంట గడ్డం కింద గోకేది, పిల్లిని గోకినట్టు. మంట కళ్ళు మూసుకుని మెలికలు తిరిగేది.

ఆ చలికాలం చివర్లో ఒక ఆఫీసరు వచ్చాడు. ఊరి అవతల కొండ మీద బడి పిల్లల కోసం అడవి క్యాంపు నడిపేది ఆయనే. రెండు రోజులు టెంట్లలో ఉండటం, వంట చేసుకోవడం, సాయంత్రం చలిమంట. నిరుడు ఒక పిల్లవాడి చొక్కా చెయ్యి అంటుకుందట. అందుకని చలిమంట దగ్గర ఎలా మెలగాలో నేర్పే చిన్న సినిమా కావాలన్నాడు. తాబేలు కుటుంబంతోనే కావాలన్నాడు.

"ఇల్లు వీపు మీదే మోసుకు తిరిగేవాళ్ళకి టెంటెందుకండీ?" అంది నిప్పులమ్మ.

ఆఫీసరు నీళ్ళు నమిలాడు. "అంటే... పిల్లలకి తాబేళ్ళంటే ఇష్టం కదండీ."

"అమ్మా, నువ్వు మంట సంగతి చూడు. టెంటు సంగతి నేను చూసుకుంటాను," అంది కూతురు.

"పిల్లలు భయపడకూడదు మేడమ్," అన్నాడు ఆఫీసరు. "మంట వాళ్ళకి స్నేహితుడిలా ఉండాలి. కళ్ళు కొంచెం పెద్దవి పెట్టించండి. చుట్టూ రాళ్ళు పేర్చాలి, పక్కన బకెట్టుతో నీళ్ళుండాలి, పెద్దవాళ్ళు లేకుండా వెలిగించకూడదు, వెళ్ళేముందు నీళ్ళు పోసి కలిపి ఆర్పాలి. ఈ నాలుగు ముక్కలూ చివర్లో పాటగా పెడితే సరిపోతుంది. పాడేది మంటే."

తనని ఎలా చంపాలో మంటే పాట పాడి చెప్పడం ఏమిటని ఎవరూ అడగలేదు. నిప్పులమ్మ కూడా అడగలేదు. నవ్వే మంటలు వేయడం ఆమెకి కొత్తా? పది రోజుల్లో అయిదు వందల కాగితాలు వేసి కూతురి బల్ల మీద పెట్టేసింది. సినిమాని మొదటిసారి చూడబోయే నలభై మంది పిల్లల్లో పిడుగు కూడా ఉంది. క్యాంపుకి ఇంకా పదహారు రోజులే ఉన్నాయని, టార్చిలైటు కొనిపెట్టమని అది చెవినిల్లు కట్టుకుని పోరుతూనే ఉంది.

ఆ వారంలోనే రంగులాయన పుట్టినరోజు వచ్చింది. సౌండు అమ్మాయి కేకు తెచ్చి కొవ్వొత్తులు గుచ్చి వెలిగించింది. ఆ గోడౌన్‌లో అసలైన నిప్పు వెలగడం అదే మొదటిసారి. కాగితాల మధ్య అగ్గిపుల్ల గీయకూడదని నియమం, ఆ రోజుకి చూసీ చూడనట్టు ఊరుకున్నారు. పిడుగు వాళ్ళింట్లో కరెంటు పొయ్యి. నిప్పు అనేది ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక చూసింది అమ్మమ్మ బల్ల మీదే.

అందరూ చప్పట్లు కొడుతున్నారు. పిడుగు కుర్చీ ఎక్కి, చెయ్యి చాచి, అన్నిటికంటే పొడుగ్గా ఉన్న కొవ్వొత్తి మంట గడ్డం కింద వేలు పెట్టబోయింది.

నిప్పులమ్మ ఎలా వచ్చిందో ఎవరూ చూడలేదు. బల్ల మీది కత్తి, ప్లేట్లు కింద పడ్డాయి. పిల్ల మణికట్టు ఆమె చేతిలో ఉంది.

"ఏంటి అమ్మమ్మా! గోకుదామనుకున్నా," అంది పిడుగు ఏడుపు మొహంతో. "అది నీదే కదా?"

నిప్పులమ్మ పక్కనున్న కుర్చీలో కూలబడింది. వెనక్కి తిరిగి లెక్కేసుకుంటే టీవీకి చెంప ఆనించి నిద్రపోయే పిల్లలంతా కళ్ళముందు కదిలారు.

"ఒకసారి కాలనిస్తే అదే తెలుస్తుంది అక్కయ్యా," అన్నాడు రంగులాయన మెల్లగా. "మనమంతా అలా నేర్చుకున్నవాళ్ళమే."

"కొవ్వొత్తి దగ్గర అయితే వేలు కాలుతుంది. చలిమంట దగ్గర అయితే ఏం కాలుతుందో చెప్పు. నలభై మంది ఉన్నారక్కడ, నేను ఎంతమంది చేతులు పట్టుకోను?"

సాయంత్రం కూతురి గదిలోకి వెళ్ళి, తను వేసిన అయిదు వందల కాగితాలూ చంకన పెట్టుకుంది.

"ఇవి పనికిరావు. మళ్ళీ వేస్తాను."

"అమ్మా, ఆఫీసరు ఓకే చేశాడు. రంగులు సగం అయిపోయాయి."

"సగం రంగులు నీళ్ళలో పోశామనుకో."

"భయపెట్టే మంట వేస్తే తల్లులు ఉత్తరాలు రాస్తారు. పిల్లలు అన్నం తినడం లేదని, పక్క తడుపుతున్నారని. నీకు తెలీదు, అవి చదివేది నేను."

అంతే, నిప్పులమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "పక్క తడిస్తే ఎండలో వేస్తే ఆరుతుంది. పిల్ల కాలితే ఎక్కడ వేస్తావే? నీ కూతురు కొవ్వొత్తిని గోకబోయింది. ఎవరు నేర్పారు దానికి? మీ అమ్మ నేర్పింది. ముప్పై ఏళ్ళు కష్టపడి, కళ్ళజోడు నంబరు పెంచుకుని మరీ నేర్పింది!"

కూతురు పెన్ను మూత పెట్టింది. "దాన్ని క్యాంపుకి పంపడం మానేద్దామా?"

"మానేద్దాం. మిగతా ముప్పై తొమ్మిది మంది తల్లులకి ఏం చెబుదాం?"

కూతురు లేచి, కాగితాల కొత్త కట్ట ఒకటి బీరువాలోంచి తీసి తల్లి ముందు పెట్టింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. మెత్తగా గీయడం తప్ప నిప్పులమ్మ చేతికి ఇంకోటి రాదు. మొదటి రోజు మంటకి కోపంగా కనుబొమలు పెట్టి చూసింది. తిప్పితే సెగ ఎప్పటిలాగే హాయిగా వచ్చింది.

"మా మావయ్యలా ఉంది," అన్నాడు రంగులాయన. "ఆయనా అంతే, కనుబొమలే కోపం, పిలిస్తే పలికేవాడు."

రెండో రోజు కోరలు పెట్టింది. పిల్లి వచ్చి కోరల పక్కనే ముడుచుకుని పడుకుంది. మూడో రోజు చింపిన కాగితాలతో బుట్ట నిండింది. నాలుగో రోజు మధ్యాహ్నం కోటు వేసుకుని వీధి చివరి రొట్టెల బట్టీకి వెళ్ళింది.

బట్టీ దగ్గర పనిచేసే ఆమె పొడుగాటి చెక్క గరిటెతో రొట్టెలు లోపలికి తోస్తోంది. మోచేతులదాకా పాత కాలిన మచ్చలు, ఒకదాని పైన ఒకటి, నిచ్చెన మెట్లలా. నిప్పులమ్మ స్టూలు లాక్కుని బట్టీ నోటికి ఎదురుగా కూర్చుని మంటని చూసింది. ఒక గంట చూసింది.

"ఏళ్ళ తరబడి దీని ముందు నిలబడుతున్నావు కదమ్మా. నిన్ను చూసి కాస్తయినా తగ్గుతుందా?" అని అడిగింది.

రొట్టెలామె నవ్వింది. "మొగుడైతే ఇన్నేళ్ళకి మెత్తబడేవాడేమో. ఇది మెత్తబడదు. అసలు నన్ను చూస్తేగా! నేనూ ఒకటే, రొట్టే ఒకటే, ఈ చెక్కా ఒకటే దానికి."

"అంత కోపమా?"

"కోపమైతే బతిమాలుకోవచ్చు కదమ్మా. దానికి కోపమూ లేదు, ప్రేమా లేదు. దాని పని అది చేసుకుంటుంది. మనమే చూసుకోవాలి," అని మళ్ళీ రొట్టెలవైపు తిరిగింది.

నిప్పులమ్మ తిరిగొచ్చి బల్ల ముందు కూర్చుంది. రబ్బరు తీసుకుంది. కనుబొమలు చెరిపింది. కోరలు చెరిపింది. తర్వాత, ముప్పై ఏళ్ళలో ఎన్నడూ చేయని పని, కళ్ళు చెరిపింది. ఆ ఖాళీలో ఏదో ఒకటి గీయాలని చెయ్యి లాగింది. గీయనివ్వలేదు. కర్రని పట్టుకున్న చోట మంట ఎంత గట్టిగా పట్టుకుంటుందో, కర్ర అయిపోగానే ఎంత తేలిగ్గా వదిలేసి పక్కదానికి పాకుతుందో, అది మాత్రం గీసింది. సాయంత్రానికి ఇరవై నాలుగు బొమ్మలయ్యాయి. కట్ట పట్టుకుని తిప్పింది.

పిల్లి ఎగిరి బీరువా ఎక్కింది. రంగులాయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. నిప్పులమ్మ బొటనవేలి మీద చిన్న బొబ్బ లేచింది.

"నీళ్ళు! ఎవరైనా నీళ్ళు తెండి!" అని అరిచింది సౌండు అమ్మాయి.

"తేవద్దు. నీళ్ళు కూడా నేనే వేస్తాను," అంది నిప్పులమ్మ, వేలు నోట్లో పెట్టుకుని. నీళ్ళు వేసేవాళ్ళకి కోపం వస్తుందని కూడా అనుకోలేదు. వెలిగించిన చేతులే ఆర్పాలి అన్నది ఆమె వాదన. పాట తీసేసి, ఆ చోటంతా ఆర్పడానికే పెట్టింది. ఒక బకెట్టు పోయడం, ఆవిరి, కర్రతో కలపడం, అడుగున ఇంకా ఎర్రగా ఉన్న బొగ్గు, రెండో బకెట్టు, మళ్ళీ కలపడం. చివర్లో తాబేలు పిల్ల చెయ్యి తిరగేసి, చేతి వెనకవైపు బూడిదకి దగ్గరగా పెట్టి చూడటం. ఆరిందా లేదా కంటికి తెలియదు, చేతికి తెలుస్తుంది. ఆ చల్లారడం ఒక్కటే నూట నలభై బొమ్మలు పట్టింది.

పిడుగుని అన్ని రోజులూ కంపెనీకి రానివ్వలేదు. కట్ట తిప్పి చూపిస్తే ఒక్క నిమిషంలో పాఠం అయిపోయేదే. కానీ తన చేత్తో మనవరాలి వేలు కాల్చే ధైర్యం, అంత నోరున్న మనిషికీ లేకపోయింది. "మా అమ్మమ్మ నాతో పచ్చి కొట్టింది, ఇక మాట్లాడదు," అని పిల్ల పక్కింటివాళ్ళకి చెప్పుకుంది.

ఇంకో సంగతి కూడా జరిగింది. ఆ కట్ట పూర్తయ్యాక నిప్పులమ్మ పాతవాటిలా ఒక నవ్వే మంట వేయబోతే, దాని కళ్ళు కాగితం మీద నిలవలేదు. పాత కట్టలు తిప్పినా సెగ రాలేదు, ఉత్త గాలి వచ్చింది. పొద్దున్నే బల్ల చుట్టూ చేరినవాళ్ళు కాసేపు నిలబడి, ఎవరి కుర్చీల్లోకి వాళ్ళు వెళ్ళి కోట్లు తొడుక్కున్నారు.

"నా మోకాళ్ళు నీకేం ద్రోహం చేశాయి అక్కయ్యా?" అన్నాడు రంగులాయన.

"శాలువా కప్పుకో. అదైతే నీ మాట వింటుంది."

సినిమా చూసి ఆఫీసరు వెనక్కి వాలాడు. మొహం ఎర్రబడింది, వేడికే. "మేడమ్, మరి నవ్వు ఏదీ?"

"తాబేళ్ళు నవ్వుతున్నాయి కద సార్," అంది కూతురు. "మంట నవ్వదు."

ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. నిరుడు అంటుకున్న చొక్కా గుర్తొచ్చిందో, సినిమా మళ్ళీ తీయించే తీరిక లేదనుకున్నాడో, సంతకం పెట్టాడు.

క్యాంపు మొదటిరోజు మధ్యాహ్నం, భోజనాల హాల్లో గోడకి తెల్లటి దుప్పటి కట్టి, కిటికీలకి కంబళ్ళు వేసి సినిమా వేశారు. తోడుగా వచ్చిన పెద్దవాళ్ళలో నిప్పులమ్మ ఒకతె. తెర పక్కనే ఒక నీళ్ళ బకెట్టు పెట్టుకుని నిలబడింది. తాబేళ్ళు టెంటు వేస్తుంటే పిల్లలు పగలబడి నవ్వారు. తాబేలు నాన్న రాళ్ళు పేర్చి, పుల్లలు పెట్టి, వెలిగించాడు.

ముందు వరస మొత్తం, చాపలతో సహా, ఒక జానెడు వెనక్కి జరిగింది.

పిడుగు మాత్రం లేచింది. సొంత ఇంట్లోకి వెళ్తున్నట్టు తెర దగ్గరికి నడిచింది. ఆపుదామని నిప్పులమ్మ చెయ్యి లేచింది. ఆ చేతినే ఇంకో చేత్తో పట్టుకుంది. పిల్ల వేలు చాచింది, మంటకి గడ్డం ఉండాల్సిన చోటికి.

చటుక్కున వెనక్కి లాక్కుంది.

నిప్పులమ్మ ఒక్క అంగలో వెళ్ళి ఆ చేతిని బకెట్టులో ముంచింది. వేలి కొస ఎర్రబడింది, అంతే. పిల్ల ఏడవలేదు. వేలివైపు చూసింది, తెరవైపు చూసింది, అమ్మమ్మవైపు చూసింది.

"అమ్మమ్మా, అది నన్ను గుర్తుపట్టలేదు."

"పట్టదమ్మా," అంది నిప్పులమ్మ. "ఎవర్నీ గుర్తుపట్టదు. నన్ను కూడా."

పిడుగు అక్కడే, బకెట్టు పక్కన, నీళ్ళలో చెయ్యి పెట్టుకునే మిగతా సినిమా చూసింది. తెర మీద మొదటి బకెట్టు పడ్డప్పుడు హాల్లో వేడి సగం తగ్గింది. రెండోది పడి, కలిపి, తాబేలు పిల్ల చెయ్యి తిరగేసి చూసినప్పుడు ఎవరో తుమ్మారు. ఆ సాయంత్రం అసలు చలిమంట దగ్గర నలభై మందీ చెప్పకుండానే దూరంగా కూర్చున్నారు. పిడుగు నిప్పులమ్మ పక్కన కూర్చోలేదు. తన క్లాసు పిల్లల మధ్య కూర్చుంది.

మర్నాడు పొద్దున టీ కాచుకున్నాక బస్సు వచ్చింది. గాలి అప్పుడే మొదలైంది. క్యాంపు టీచరు బూటుతో గబగబా మంట మీదికి మట్టి తోసేసి, "పదండి పదండి, సంచులు తీసుకోండి," అంది.

పిల్లలంతా కదిలారు. పిడుగు కదల్లేదు. రాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని, చెయ్యి తిరగేసి మట్టికి దగ్గరగా పెట్టింది.

"ఇంకా ఉంది టీచర్."

"ఆరిపోయిందమ్మా, పొగ కూడా లేదు చూడు," అన్నాడు ఆఫీసరు, వాచీ చూసుకుంటూ. డ్రైవరు హారను కొట్టాడు.

"మీరు చెయ్యి పెట్టండి సార్."

ఆఫీసరు నవ్వుతూ వంగాడు. చెయ్యి పెట్టాడు. నవ్వు ఆగిపోయి నిటారుగా లేచాడు. "బకెట్టు తెండి," అన్నాడు.

మట్టి తీస్తే కింద బొగ్గులు ఎర్రగా ఉన్నాయి. నీళ్ళు పోసి కలుపుతుంటే సుయ్యిమన్నాయి. రాళ్ళ కిందుగా ఒక చెట్టు వేరు పోతోంది. నిప్పు దాన్ని పట్టుకుని, ఎవరికీ కనపడకుండా నేలలోపలే రెండు మూరల దూరం పాకి, ఎండుగడ్డి మొదలయ్యే చోటికి బెత్తెడు దూరంలో ఉంది. తవ్వి, దాన్ని కూడా తడిపారు. అయిదు బకెట్లు పట్టింది. ఆ తర్వాత నలభై మందీ వరసగా వచ్చి, వంగి, చెయ్యి తిరగేసి చూసి, "చల్లగా ఉంది," అని చెప్పి బస్సెక్కారు. ఎవరినీ తొందరపెట్టడానికి ఆఫీసరుకి నోరు రాలేదు. డ్రైవరు హారను మానేసి, తనూ దిగి వచ్చి చెయ్యి పెట్టి చూశాడు.

బస్సు ముప్పావుగంట ఆలస్యంగా బయల్దేరింది. పిడుగు తనంతట తనే వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుంది.

"కొవ్వొత్తి కూడా అంతేనా?" అని అడిగింది కాసేపటికి.

"అంతే."

"పోనీలే," అని ఆమె భుజం మీద తల పెట్టింది. రెండో మలుపు తిరిగేలోపు నిద్రపోయింది, ఎర్రబడిన వేలు అమ్మమ్మ ఒళ్ళో పెట్టి.

గాలి ఈదురుగాలిగా మారింది. బస్సు అద్దాలు గడగడలాడాయి. నిప్పులమ్మ పిల్ల నిద్ర చెడకుండా మెల్లగా మెడ తిప్పి, వెనక అద్దంలోంచి చూసింది. కొండవాలు పొడుగునా ఎండుగడ్డి గాలికి పడుకుని లేస్తోంది, పడుకుని లేస్తోంది. దాని అవతల చెట్లు, చెట్ల అవతల ఊరి ఇళ్ళ కప్పులు. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.